కార్యాలయం లేని కంపెనీలకు ఏడాదికోసారి కొలువు

వీసా దొరికినవారికే ముఖపరిచయం - దక్షిణాసియా సిబ్బందికి తప్పని ఇక్కట్లు

న్యూఢిల్లీ: ఆ కంపెనీలకు సొంత భవనం లేదు. హాజరుపట్టీ లేదు. పొద్దున్నే వీధి చివర వచ్చి ఆగే బస్సు లేదు. ఒక ఉద్యోగి హైదరాబాద్‌లో, అతని పై అధికారి లిస్బన్‌లో, వారిద్దరి జీతాల లెక్కలు చూసే గుమస్తా మరెక్కడో ఉంటారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా ఒకరి ఎత్తు ఎంతో మరొకరికి తెలియదు. పూర్తిగా ఇళ్ల నుంచే నడిచే ఇటువంటి కంపెనీలు భవనం అద్దె, కరెంటు బిల్లు, కాపలాదారు జీతం మిగుల్చుకున్నా, అందులో చెప్పుకోదగ్గ భాగాన్ని మరో పద్దు కింద ఖర్చు చేయక తప్పడం లేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు సిబ్బందినందరినీ విమానాలెక్కించి, ఏదో ఒక ఊరిలో హోటల్‌లో దించి, నాలుగైదు రోజులపాటు ఒకరి ముఖం ఒకరికి చూపించడం ఆ పద్దు. ఆ రంగంలో దీనిని 'రిట్రీట్' అంటున్నారు. పేరు వింటే ఆశ్రమవాసం స్ఫురిస్తుంది గానీ, నిజానికి ఇది వారం రోజుల తాత్కాలిక కార్యాలయం.

ఈ వారం రోజుల కొలువుకు ఎవరు వెళ్లగలుగుతున్నారు, ఎవరు వెళ్లలేకపోతున్నారన్నది భారతదేశం, పొరుగు దేశాల సిబ్బందికి సంబంధించినంతవరకు చిన్న విషయం కాదు. మిగతా 51 వారాలూ అందరూ సమానమే. తెరమీద అందరి ముఖాలూ ఒకే సైజు గళ్లలో కనిపిస్తాయి. ఆ ఒక్క వారం మాత్రం పాస్‌పోర్టు రంగును బట్టి మనుషులు వేరవుతున్నారు.

ఎడ్లబండి నుంచి ఇంటి గది దాకా

దూరం నుంచి పని చేయడమన్న ఆలోచన కొత్తదేమీ కాదు. చమురు సంక్షోభం ప్రపంచాన్ని కుదిపిన 1973లోనే దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ నిలెస్ దీనికి 'టెలికమ్యూటింగ్' అని పేరు పెట్టారు. ఉద్యోగి పని దగ్గరకు పోవడం కాక, పనే ఉద్యోగి దగ్గరకు రావాలన్నది ఆయన ప్రతిపాదన. భారతదేశం విషయానికి వస్తే, 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ బెంగుళూరులో నెలకొల్పిన కేంద్రం ఉపగ్రహ సంబంధం ద్వారా అమెరికాతో కలిసి పనిచేయడం ఈ దిశలో తొలి పెద్ద అడుగు. ఆ ఉపగ్రహ పరికరాలు ఎడ్లబండిమీద వచ్చాయన్నది సాఫ్ట్‌వేర్ రంగంలో ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట. అయితే అప్పుడు దేశాలు దూరమయ్యాయే గాని, ఉద్యోగులు మాత్రం ఒకే కప్పు కిందే కూర్చున్నారు.

ఆ కప్పును తొలగించింది కోవిడ్. 2020 మార్చి 24న ప్రకటించిన లాక్‌డౌన్‌తో లక్షల మంది కంప్యూటర్లు చంకన పెట్టుకుని ఇళ్లకు చేరారు. అదే ఏడాది నవంబరులో కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ తన నిబంధనలను సడలించింది. అంతవరకు సిబ్బందిని ఇంటి నుంచి పనిచేయించాలంటే రిజిస్ట్రేషన్, బ్యాంకు గ్యారంటీ వంటి అనేక తతంగాలు ఉండేవి. ఇంటి నుంచే కాదు, దేశంలో ఎక్కడి నుంచైనా పని చేయించుకునేందుకు ఆ సడలింపు దారి తీసింది. తరువాత గాలి మళ్లీ ఇటు తిరిగింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ కార్యాలయానికి రావాలని ఆదేశించగా, ఇన్ఫోసిస్ అదే ఏడాది నవంబరు నుంచి చాలామందికి నెలకు పది రోజుల హాజరు నిర్ణయించింది. పెద్ద సంస్థలు ఇలా వెనక్కి మళ్లగా, అసలు మొదటి నుంచీ కార్యాలయమే లేని కంపెనీలకు వెనక్కి పిలవడానికి చోటు లేదు. వాటికి సమ్మేళనమే దిక్కయింది.

గొంతు వినకుండానే ఉద్యోగం

ఈ పద్ధతిలో ముందు నడిచినవి అమెరికా కంపెనీలే. ఇంటర్నెట్‌లో విస్తృతంగా వాడుకలో ఉన్న 'వర్డ్‌ప్రెస్' సాఫ్ట్‌వేర్‌తో ముడిపడిన ఆటోమాటిక్ కంపెనీని 2005లో మాట్ ములెన్‌వెగ్ స్థాపించారు. ఆరంభం నుంచీ సిబ్బంది తలో దేశంలో ఉన్నారు. ఉద్యోగానికి వచ్చినవారితో ముఖాముఖి కాదు కదా, ఫోనులో కూడా మాట్లాడకుండా, రాతపూర్వక సంభాషణ ద్వారానే ఎంపిక చేసిన సందర్భాలు ఆ కంపెనీలో అనేకం. కొంతకాలం చిన్న పనులు డబ్బిచ్చి చేయించి, నచ్చితే తీసుకుంటారు. చేరినవారు ఏ హోదాలో చేరినా, తొలి వారాల్లో వినియోగదారుల ఫిర్యాదులకు సమాధానాలు రాయవలసిందే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ కంపెనీకి ఒక కార్యాలయం ఉండేది. రోజూ వచ్చేవారు వేళ్లమీద లెక్కించదగినంత మందే కావడంతో 2017లో దానిని వదులుకుంటున్నట్లు ప్రకటించింది. ఏటా జరిపే 'గ్రాండ్ మీటప్'ను మాత్రం వదులుకోలేదు. 2010లో ఫ్లోరిడాలోని సీసైడ్ అనే సముద్రతీర గ్రామంలోనూ, 2016లో కెనడా మంచుకొండల్లోని విస్లర్‌లోనూ, 2018లో ఓర్లాండోలోనూ సిబ్బంది అంతా చేరారు. ఇవిగాక ఐదారుగురు, పదిమంది ఉన్న చిన్న బృందాలు ఏడాదిలో మరోసారి తమకు నచ్చిన ఊరిలో కలుస్తాయి. మామూలు కంపెనీల్లో 48 వారాలు కలిసి ఉండి మూడు నాలుగు వారాలు విడిగా సెలవుల్లో గడుపుతారు; ఇక్కడ ఆ లెక్క తలకిందులు. మూడు నాలుగు వారాలు కలిసి ఉండి, మిగతా కాలమంతా విడిగా ఉంటారన్నది ములెన్‌వెగ్ తరచు ఇచ్చే వివరణ.

మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి వచ్చిన స్కాట్ బెర్కున్ అనే రచయిత 2010 నుంచి 2012 వరకు ఈ కంపెనీలో ఒక బృందానికి నాయకత్వం వహించి, 2013లో తన అనుభవాలను పుస్తకంగా వెలువరించారు. 'ప్యాంటు తొడగని ఏడాది' అని అర్థం వచ్చే ఆ పుస్తకం పేరు చూసి నవ్వినవారు కూడా, అందులో ఏథెన్స్ వంటి ఊళ్లలో బృందం కలుసుకున్న అధ్యాయాలను శ్రద్ధగా చదివారు. విడిగా ఉన్నప్పుడు నెలల తరబడి సాగే పని, ఒక బల్లచుట్టూ చేరిన కొద్దిరోజుల్లో ఎలా పుంజుకుంటుందో, రాతలో కటువుగా తోచిన మనిషి భోజనాల దగ్గర ఎంత సరదాగా మాట్లాడతాడో ఆ పుస్తకం తెలియజేస్తుంది. రెండవ విషయం మొదటిదానికన్నా ముఖ్యమైనది. రాతలో స్వరం వినిపించదు. "ఇది మళ్లీ చూడండి" అన్న మూడు మాటలు తెలిసిన మనిషి రాస్తే సలహా. తెలియని మనిషి రాస్తే మందలింపు. కార్యాలయం లేని కంపెనీల్లో కలహాలలో అనేకం ఇలాంటి మూడు మాటల దగ్గరే మొదలవుతాయి.

మరో ఉదాహరణ గిట్‌ల్యాబ్. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరవాసి ద్మిత్రో జపోరోజెట్స్ 2011లో ప్రారంభించిన సాఫ్ట్‌వేర్‌ను, నెదర్లాండ్స్‌కు చెందిన సిడ్ సైబ్రాండీ కంపెనీగా మలిచారు. వ్యవస్థాపకులే వేర్వేరు దేశాలవారు. ఈ కంపెనీ సెర్బియాలోని నోవిసాద్‌లోనూ, 2017లో మెక్సికోలోని కాన్‌కూన్, గ్రీసులోని క్రీట్‌లలోనూ, 2018లో కేప్‌టౌన్‌లోనూ, 2019 మేలో న్యూ ఆర్లియన్స్‌లోనూ సిబ్బందిని సమావేశపరిచింది. 2020 మార్చిలో ప్రాగ్‌లో జరగవలసిన సమ్మేళనం కోవిడ్ మూలంగా రద్దయింది. విమానం టిక్కెట్లు, గదులు, అన్నీ సిద్ధమైన తరువాత రద్దు చేయవలసి రావడం ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు. 2021 అక్టోబరులో ఈ కంపెనీ ప్రధాన కార్యాలయమన్నదే లేకుండా అమెరికా స్టాక్ మార్కెట్లో ప్రవేశించింది. పని నియమాలన్నింటినీ బహిరంగంగా ప్రకటించే ఈ కంపెనీ, సమ్మేళనాల ఉద్దేశం పని జరపడం కాదని, ఒకరినొకరు ఎరగడమేనని అందులో స్పష్టం చేసింది. ఒక ఉద్యోగి తన సొంత ప్రయాణంలో దారిలో ఉన్న సహోద్యోగులను వెళ్లి కలుసుకుంటే ఖర్చులో కొంత భరించే ఏర్పాటు కూడా చేసింది. అత్తవారింటికి వెళ్తూ మధ్యలో స్నేహితుణ్ణి పలకరించి వస్తే కంపెనీ చార్జీలిచ్చినట్లన్నమాట.

లెక్కలు ఏమంటున్నాయి

ఇంత ఖర్చుకు ఫలితం ఉందా అన్న ప్రశ్నకు సమాధానం పూర్తిగా దొరికిందని చెప్పలేము. కాని కలవకపోతే ఏమవుతుందన్నదానికి ఆధారాలు ఉన్నాయి. మసాచుసెట్స్ సాంకేతిక విద్యా సంస్థ ఆచార్యుడు థామస్ అలెన్, ఇంజనీర్ల బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ వారి మధ్య సంభాషణ ఎంత వేగంగా తగ్గిపోతుందో 1970 దశకంలోనే గీత గీసి చూపారు. యాభై మీటర్లు దాటితే మాటలు చాలావరకు పడిపోతాయని ఆయన 1977లో ప్రచురించిన గ్రంథం తేల్చింది. యాభై మీటర్లకే ఇలాగైతే సముద్రాలు దాటినవారి సంగతి ఊహించవలసిందే.

కోవిడ్ కాలంలో అమెరికాలోని 61 వేల మందికి పైగా మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల సంభాషణల తీరును పరిశీలించిన అధ్యయనం ఒకటి 2021 సెప్టెంబరులో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్' పత్రికలో వెలువడింది. అందరూ ఇళ్లకు పోయాక, తన బృందంలోనివారితో మాటలు పెరిగి, ఇతర బృందాలతో గడిపే సమయం వాటా సుమారు నాలుగో వంతు తగ్గిందని అది తేల్చింది. అంటే ఎవరి అరుగుమీద వారు కూర్చున్నారు. వీధి దాటి పోవడం మానేశారు.

2022 ఏప్రిల్‌లో 'నేచర్' పత్రిక ప్రచురించిన మరో పరిశోధన మన ప్రాంతానికి దగ్గరిది. మెలనీ బ్రక్స్, జొనాథన్ లెవావ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక బహుళజాతి కంపెనీకి చెందిన 1,490 మంది ఇంజనీర్లపై ప్రయోగం జరిపారు. వారు యూరప్, పశ్చిమాసియాలతోపాటు దక్షిణాసియాకు కూడా చెందినవారు. ఇద్దరిద్దరిని జంటలుగా చేసి కొత్త ఆలోచనలు చెప్పమనగా, ఎదురెదురుగా కూర్చున్న జంటలకన్నా వీడియోలో మాట్లాడుకున్న జంటలు తక్కువ ఆలోచనలు చెప్పాయి. తెరమీద ఎదుటి ముఖానికే చూపు అతుక్కుపోయి, దానితోపాటే ఆలోచన కూడా ఇరుకైపోవడం ఇందుకు కారణమని వారు భావించారు. వచ్చిన ఆలోచనల్లో మంచిదానిని ఎంచుకోవడంలో మాత్రం వీడియో జంటలు వెనకబడలేదు. కొత్త పథకాలు పుట్టించే పనిని సమ్మేళనానికి దాచిపెట్టి, ఎంపిక, అమలు వంటివాటిని మామూలు రోజులకు వదలమన్న సలహా దీనినుంచే వచ్చింది.

ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ కంపెనీకి బెంగుళూరు సహా పలు చోట్ల కార్యాలయాలున్నా, ఉద్యోగులు ఎక్కడినుంచి పనిచేసేదీ 2020 నుంచి వారి ఇష్టానికే వదిలింది. ఒక ఉద్దేశంతో ఏర్పాటు చేసిన బృంద సమావేశం తరువాత సభ్యుల మధ్య సాన్నిహిత్యం సగటున 27 శాతం పెరుగుతున్నదని, ఆ ప్రభావం నాలుగైదు నెలలు నిలుస్తున్నదని ఈ కంపెనీ 2024 ఆరంభంలో ప్రకటించింది. ఇది కంపెనీ తన సిబ్బందిని తానే కొలిచి చెప్పిన మాట కనుక కొంత తగ్గించి తీసుకోవడం మంచిది. అయినా నాలుగైదు నెలలన్న గడువు గమనార్హం. ఏడాదికి రెండుసార్లు కలిసే ఆచారాన్ని అనేక కంపెనీలు ఏ పరిశోధనా లేకుండానే అనుభవం మీద పాటిస్తూ వచ్చాయి. షికాగోకు చెందిన 37 సిగ్నల్స్, జాపియర్ వంటివి ఈ కోవలోకి వస్తాయి.

వీసా గుమ్మం దగ్గరే ఆగిన ప్రయాణం

కాగితంమీద ఇదంతా బాగానే ఉంది. సమ్మేళనం ఓర్లాండోలో అన్న ప్రకటన వెలువడిన రోజున జర్మనీ ఉద్యోగి తన పెట్టె ఎక్కడుందో చూసుకుంటాడు. హైదరాబాద్ ఉద్యోగి వీసా అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో చూసుకుంటాడు. కోవిడ్ తరువాత 2022 చివరలో భారతదేశంలో అమెరికా సందర్శక వీసా ఇంటర్వ్యూ కోసం తొలిసారి దరఖాస్తు చేసేవారు కొన్ని నగరాల్లో రెండున్నరేళ్లకు పైగా వేచి ఉండవలసి వచ్చింది. ఉద్యోగంలో చేరి, రెండు సమ్మేళనాలు ముగిసి, మూడోదానికి ఆహ్వానం వచ్చినా ఇంటర్వ్యూ తేదీ రాదన్నమాట. ఒత్తిడి తగ్గించడానికి 2023 జనవరిలో ఢిల్లీలోని ఎంబసీ, హైదరాబాద్ సహా నాలుగు నగరాల్లోని కాన్సులేట్లు శనివారాల్లో ప్రత్యేక ఇంటర్వ్యూలు ప్రారంభించాయి. బాంకాక్ వెళ్లి అక్కడి ఎంబసీలో దరఖాస్తు చేసుకునే వెసులుబాటు కూడా ఆ రోజుల్లో లభించింది. ఆ ఏడాది మార్చిలో హైదరాబాద్ కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడలోని విశాలమైన కొత్త ప్రాంగణానికి మారింది. అయితే దరఖాస్తుదారులు సొంత దేశంలోనో, నివసిస్తున్న దేశంలోనో మాత్రమే ఇంటర్వ్యూకు హాజరు కావాలని 2025 సెప్టెంబరులో అమెరికా ఆదేశించడంతో బాంకాక్ దారి మూసుకుపోయింది.

యూరప్ సంగతీ అంతంతమాత్రమే. 29 దేశాలకు చెల్లే షెంగెన్ వీసా కోసం 2024లో భారత్ నుంచి 11 లక్షలకు పైగా దరఖాస్తులు అందగా, లక్షా 65 వేల దాకా తిరస్కరణకు గురయ్యాయి. పొరుగువారి పరిస్థితి మరీ ఘోరం. పాకిస్తాన్ దరఖాస్తుల్లో దాదాపు సగం, బంగ్లాదేశ్ దరఖాస్తుల్లో సగానికి పైగా ఆ ఏడాది తిరస్కరించారు. రుసుము 2024 జూన్‌లో 80 యూరోల నుంచి 90 యూరోలకు పెరిగింది. వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు.

డబ్బు కంపెనీదే కావచ్చు. తిరస్కరణ ముద్ర మాత్రం ఉద్యోగి చరిత్రలో నిలిచిపోతుంది. తరువాత ఏ దేశానికి దరఖాస్తు పెట్టినా "ఇంతకుముందు మీకు వీసా నిరాకరించారా?" అన్న ప్రశ్నకు అవునని రాయవలసిందే. అందువల్ల కొందరు సమ్మేళనానికి రాలేమని ముందే చెప్పేస్తారు. ఇంటి పనులు ఉన్నాయంటారు. యాజమాన్యం దానిని ఆసక్తి లేకపోవడంగా భావించే ప్రమాదం లేకపోలేదు.

ఇక భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ సిబ్బంది ఒకే బృందంలో ఉన్న కంపెనీల అవస్థ వేరు. గడియారాలు చూస్తే ఈ దేశాలు పక్కపక్క గదులు. భారత కాలమానానికి పాకిస్తాన్ అరగంట వెనక, బంగ్లాదేశ్ అరగంట ముందు, నేపాల్ పదిహేను నిమిషాలు ముందు. శ్రీలంక సమయం మనదే. రోజంతా కలిసి పనిచేయడానికి ఇంతకంటె అనువైన బృందం దొరకదు. కాని ఒకచోట చేరాలంటే ఇంతకంటె కష్టమైన బృందం కూడా లేదు. సార్క్ దేశాలు 1992లో ప్రారంభించిన వీసా మినహాయింపు పథకం న్యాయమూర్తులు, పార్లమెంటు సభ్యులు, వ్యాపారులు, పత్రికా విలేఖరులు, క్రీడాకారులు వంటి 24 తరగతులవారికే పరిమితం. జీతానికి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అందులో చోటు లేదు. పహల్గామ్ ఉగ్రవాద దాడి అనంతరం 2025 ఏప్రిల్ 23న ఆ పథకం కింద పాకిస్తానీయులకు ప్రవేశాన్ని భారత్ నిలిపివేసింది. ఆ వెంటనే వీసా సేవలు ఆగిపోయాయి. రెండు దేశాలూ ఒకదాని విమానాలకు మరొకటి గగనతలం మూసివేశాయి. బంగ్లాదేశ్‌లో 2024 ఆగస్టు పరిణామాల తరువాత అక్కడి భారత వీసా కేంద్రాలు చాలాకాలం పరిమితంగానే పనిచేశాయి.

ఈ పరిస్థితుల్లో లాహోర్ ఉద్యోగి, బెంగుళూరు ఉద్యోగి కలవాలంటే మూడో దేశమే శరణ్యం. భారతీయులకు వీసాతో పని లేని, ఇతర సార్క్ పౌరులకు విమానాశ్రయంలోనే వీసా ఇచ్చే ఆచారం గల నేపాల్ ఇందుకు అనువుగా ఉంటూ వచ్చింది. అయితే 2025 సెప్టెంబరులో యువజన ఆందోళనతో ఖాట్మండు విమానాశ్రయం మూతపడినప్పుడు ఆ భరోసా కూడా కొంత సడలింది. కొలంబో, మాలే, దుబాయి మిగిలాయి. భారతీయులకు థాయిలాండ్ 2023 నవంబరులోనూ, మలేసియా ఆ డిసెంబరులోనూ వీసా లేకుండా తలుపులు తెరవడంతో, భారత సిబ్బంది ఎక్కువగా ఉన్న కంపెనీల చూపు అటు మళ్లింది. సమ్మేళన స్థలాన్ని అందాన్ని బట్టి కాక, అతి బలహీనమైన పాస్‌పోర్టు గలవారిని బట్టి ఎంచుకోవడం న్యాయం. అలా చేసే యాజమాన్యాలు లేకపోలేదు. కాని పడమటి సిబ్బంది ఎక్కువగా ఉన్నచోట చార్జీల లెక్క వేసే గుమస్తా మాటే చెల్లుతుంది.

పన్నులు, పూచీలు

దేశంలోపలే సమ్మేళనం జరుపుకునే భారతీయ కంపెనీలకు వీసా బెడద లేదు గాని, వాటి తిప్పలు వాటికి ఉన్నాయి. గోవా, ఉదయపూర్, పుదుచ్చేరి, కొడగు వంటివి వీటికి ప్రీతిపాత్రమైన స్థలాలు. తెలుగువారికి విశాఖ, అరకు సరేసరి. తెలంగాణలో రిజిస్టరైన కంపెనీ గోవా హోటల్‌లో యాభై గదులు తీసుకుంటే, బిల్లుమీద గోవా రాష్ట్ర జీఎస్టీ పడుతుంది. రోజుకు రూ. 7,500 దాటిన గదికి ఈ పన్ను 18 శాతం. కంపెనీకి గోవాలో రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ పన్నును తన బాకీలో మినహాయించుకునే వీలు లేదు. కార్యాలయమే లేని కంపెనీకి గోవాలో రిజిస్ట్రేషన్ ఎక్కడినుంచి వస్తుంది? పన్నుల అధికారులు ఇటువంటి ఖర్చులను అనుమానంగా చూడడం కొత్త కాదు. 2005లో ప్రవేశపెట్టిన ఫ్రింజ్ బెనిఫిట్ పన్ను, కాన్ఫరెన్సులు, ప్రయాణాల ఖర్చులో కొంత భాగాన్ని ఉద్యోగుల సౌఖ్యం కింద లెక్కకట్టింది. నాలుగేళ్ల తరువాత, 2009 బడ్జెట్‌లో ప్రణబ్ ముఖర్జీ దానిని రద్దు చేశారు.

రైలు ప్రయాణమైతే మరో చిక్కు. ముందస్తు రిజర్వేషన్ గడువును రైల్వేశాఖ 2024 నవంబరు నుంచి 120 రోజుల బదులు 60 రోజులకు కుదించింది. ఐదారు ఊళ్ల నుంచి వచ్చేవారందరికీ ఒకేరోజు బెర్తులు దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. తేదీల ఎంపిక ఇంకా పెద్ద తలనొప్పి. సంక్రాంతికి తెలుగువారు రారు, పొంగల్‌కు తమిళులు రారు, దుర్గాపూజకు బెంగాలీలు రారు, ఓణానికి మలయాళీలు రారు. రంజాన్ మాసంలో విందులు పెట్టడం మర్యాద కాదు. మే నెలలో పిల్లలకు సెలవులైనా ఎండలకు ఎవరూ కదలరు. జూలై, ఆగస్టుల్లో గోవా హోటళ్లు చవకే, కాని వానలో కిటికీలోంచి సముద్రం చూడవలసిందే. ఇవన్నీ పోగా మిగిలేవి ఫిబ్రవరి, నవంబరు. ఆ నెలల్లో పెళ్లిళ్లవారు హోటళ్లను ముందే పట్టేసుకుంటారు.

మహిళా ఉద్యోగుల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇంటి నుంచి పని అన్న ఏర్పాటును ఎంచుకున్నవారిలో పసిపిల్లల తల్లులు, ముసలివారిని చూసుకోవలసినవారు ఎందరో ఉన్నారు. సైన్సు, సాంకేతిక రంగాల్లోని మహిళలకు ఇంటి నుంచి పనిచేసే అవకాశాలు పెద్దయెత్తున కల్పించే ఆలోచన ఉన్నట్లు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో ప్రకటించడం వెనక ఉన్నదీ ఈ అవసరమే. ఇల్లు వదలలేకనే ఈ ఉద్యోగంలో చేరిన మనిషిని, ఏడాదికి రెండుసార్లు వారంపాటు ఇల్లు వదిలి రమ్మనడం విడ్డూరమే. కొన్ని కంపెనీలు పిల్లలను, వెంట వచ్చే తల్లినో, అత్తగారినో అనుమతిస్తున్నాయి. సాయంకాలం మద్యం చుట్టూ సాగే కార్యక్రమాలకు బదులు పగటిపూట నడకలు, వంటలు, ఆటలు పెడుతున్నవీ ఉన్నాయి. హోటల్ గదులను ఇద్దరిద్దరికి పంచడం వంటి పొదుపులు మొదట మానవలసినవని ఈ ఏర్పాట్లు చూసేవారు అంటారు. ఏళ్ల తరబడి తెరమీద మాత్రమే చూసిన మనిషితో ఒకే గదిలో నిద్రపొమ్మనడం ఎవరికైనా ఇబ్బందే.

చట్టం దృష్టిలో ఈ హోటల్ కూడా పని స్థలమే. పని చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో చేసిన చట్టం, ఉద్యోగ నిమిత్తం వెళ్లిన ఏ ప్రదేశాన్నైనా, అందుకు యజమాని కల్పించిన వాహనాన్ని కూడా పని స్థలంగానే నిర్వచించింది. 'ఇది పార్టీ, ఆఫీసు కాదు' అన్న వాదన చెల్లదు. ప్రమాదాల పూచీ కూడా తక్కువది కాదు. 2024 జనవరిలో హైదరాబాద్ శివారులో ఒక అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ రజతోత్సవం జరుగుతుండగా, వేదికమీదికి పైనుంచి దింపుతున్న పంజరం గొలుసు తెగి ఆ కంపెనీ అధిపతి మరణించారు. సిబ్బంది కళ్లెదుటే జరిగిన దుర్ఘటన అది. సమ్మేళనం అట్టహాసంగా ఉండాలన్న తపన ఎక్కడికి దారితీయగలదో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

మొదటి వేటు దీనిమీదే

ఆదాయం తగ్గితే యాజమాన్యాల కత్తెర ముందుగా పడేది కూడా ఈ పద్దుమీదే. సోషల్ మీడియా వ్యాపారంలో ఉన్న బఫర్ అనే కంపెనీ 2010లో ప్రారంభమై, థాయిలాండ్, కేప్‌టౌన్, సిడ్నీ, ఐస్‌లాండ్‌లలో సమ్మేళనాలు జరిపి, తన ఖర్చుల లెక్కలు బహిరంగంగా ప్రకటిస్తూ పేరు తెచ్చుకుంది. 2016 జూన్‌లో అంచనాలు తప్పి పదిమంది ఉద్యోగులను తొలగించవలసి వచ్చినప్పుడు, బెర్లిన్‌లో తలపెట్టిన సమ్మేళనాన్ని కూడా రద్దు చేసింది. పదిమంది జీవనోపాధి పోతున్న వేళ మిగిలినవారు విహారానికి పోవడం బాగుండదన్నది నిజమే. అయితే మరుసటి ఏడాది మాడ్రిడ్‌లో మళ్లీ కలవకుండా ఉండలేకపోయింది.

తొలగింపులకు ముందు వెనకల్లోనే మనుషులు ఒకరినొకరు చూసుకోవలసిన అవసరం ఎక్కువగా ఉంటుంది. కార్యాలయంలో పక్క కుర్చీ ఖాళీ అయితే అందరికీ తెలుస్తుంది. తెరమీద ఒక గడి మాయమైతే, మిగతా గళ్లు సర్దుకుని ఆ జాగాను నింపేస్తాయి.

ఇవన్నీ జీతపు ఉద్యోగుల సంగతులు. విదేశీ కంపెనీలకు మన దేశంలో అనుబంధ సంస్థ లేనప్పుడు, ఇక్కడివారిని కాంట్రాక్టు మీదనో, మూడో సంస్థ జీతాల పట్టీలో చేర్చో పని చేయించుకోవడం పరిపాటి. విజయవాడలోనో, వరంగల్‌లోనో కూర్చుని పూర్తికాలం అదే కంపెనీకి పనిచేస్తున్నా, కాగితం ప్రకారం వీరు ఉద్యోగులు కారు. సమ్మేళనానికి ఆహ్వానం వీరికి వస్తుందా రాదా అన్నది ఒక్కో కంపెనీలో ఒక్కో రకం. రానివారికి, వీసా అందనివారికి యాజమాన్యాలు చేసే ఏర్పాటు ఒకటే - సభా కార్యక్రమాన్ని వీడియోలో చూపడం. ఓర్లాండోలో వేసవిలో ఉదయం 9 గంటలకు సభ మొదలైతే హైదరాబాద్‌లో సాయంత్రం 6-30 అవుతుంది. మధ్యాహ్న భోజన విరామానికి ఇక్కడ రాత్రి పది దాటుతుంది. అక్కడ రాత్రి విందుకు అందరూ బల్లల చుట్టూ చేరే 7 గంటల వేళకు, ఇక్కడ మర్నాటి తెల్లవారుజాము 4-30. విందును మాత్రం ఏ కంపెనీ ప్రసారం చేయడం లేదు.